ఒకటి రెండు చోట్ల

కల్లం మీద మిరపకాయకు మూడు దశలుంటాయి. కోసి తెచ్చి పోసినప్పుడు పచ్చిగా, బరువుగా ఉంటుంది. చిన్న జల్లు పడినా తట్టుకుంటుంది. బాగా ఎండాక పిడికిట్లో గలగలమంటుంది. అప్పుడు కుప్ప చేసి పట్ట కప్పితే ఎన్నాళ్ళయినా భద్రంగా ఉంటుంది. ఈ రెండింటి మధ్య దశతోనే తంటా. పైన తోలు ముడతలు పడి ఉంటుంది, లోపల గింజ దగ్గర మాత్రం ఇంకా చెమ్మ ఉంటుంది. ఆ కాయ వానకు తడిస్తే కుళ్ళుతుంది. వాన వస్తుందేమోనని పగలంతా కుప్ప చేసి కప్పి ఉంచితే ఆ వేడికి లోపలే చెమర్చి, ఉడికి, రంగు పోయి తెల్లబారి తాలు అవుతుంది. వాన పడితే నష్టం. పడుతుందని నమ్మాక పడకపోయినా నష్టమే.

ఈ సంగతి మా శిక్షణలో ఎవరూ చెప్పలేదు.

ఫిజిక్సుతో డిగ్రీ పూర్తి చేసిన ఏడాదే నాకు వాతావరణ పరిశీలకుడి ఉద్యోగం వచ్చింది. శిక్షణ వేరే రాష్ట్రంలో, పెద్ద నగరంలో. అక్కడ వేసవి ఉరుముల వానల గురించి చెప్పిన పెద్దాయన గోడ మీద ఒక పటం వేలాడదీసేవాడు. ఎడమ పక్క అరేబియా ఎడారులు, కుడి పక్క బర్మా కొండలు, పైన హిమాలయాలు, కింద సముద్రం. ఆ పటం నిండా చుక్కలు. ఒక్కొక్క చుక్క ఒక అబ్జర్వేటరీ. ప్రతి చుక్క నుంచీ ఒకే సమయానికి అవే వివరాలు అంకెల్లో టెలిగ్రాముగా రావాలి: గాలి ఎటు నుంచి, ఎంత జోరుగా, మామూలు థర్మామీటరు ఎంత, తడిగుడ్డ చుట్టిన థర్మామీటరు ఎంత, మబ్బు ఏ రకం, ఆకాశంలో ఎంత భాగం, కనుచూపు ఎంత దూరం, వాన ఎంత. ఆ అంకెలన్నీ పటం మీద వేసి, సమానమైనవాటిని గీతలతో కలుపుకుంటూ పోతే, చూస్తుండగానే ఒక ఖండం ఊపిరి పీలుస్తున్నట్టు కనిపించేది. పడమటి నుంచి వచ్చే ఎండు వేడిగాలి ఇక్కడ, బంగాళాఖాతం నుంచి వచ్చే తడిగాలి ఇక్కడ, రెండూ రాసుకునే గీత ఇదీ అని ఆయన సుద్దముక్కతో గీసేవాడు. ఆ గీత వెంట మధ్యాహ్నం దాటాక మబ్బులు నిలువునా లేస్తాయి. పైకి పోయి కమ్మరి దాగలిలా చదునుగా పరుచుకుంటాయి. పిడుగు, ఈదురుగాలి, వడగళ్ళు.

నాకు అంతకంటే అందమైన విషయం అప్పటిదాకా తెలియదు. ఒకరోజు లేచి నిలబడి అడిగాను, ఆ గీత వెంట ఫలానా ఊళ్ళో పడుతుందా లేదా అన్నది ఎలా చెప్పాలని. మనం ప్రాంతానికి చెప్తాం, ఊరికి చెప్పం అన్నాడాయన. క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వాను.

శిక్షణ అయ్యాక సొంత ప్రాంతానికే వేశారు. నరసరావుపేటలో ఒక చిన్న అబ్జర్వేటరీ: ఆవరణలో గాలాడే రెక్కలున్న తెల్లపెట్టె, అందులో థర్మామీటర్లు, పక్కన భూమిలో పాతిన వానకొలత డబ్బా, మేడ మీద గాలి దిక్కు చూపే గాలిమర. పేటలో గది తీసుకున్నాను. సెలవు దొరికితే శావల్యాపురం దగ్గర మా అక్కావాళ్ళ ఊరికి ప్యాసింజరులో పోయేవాణ్ణి. మా అమ్మా నాన్నా పోయాక నాకు ఇల్లంటే అదే. అక్కా బావా మిరప వేసేవాళ్ళు. ఊరి చివర బండరాతి నేల మీద వాళ్ళ కల్లం. ఏడాది పని మొత్తం ఆ రాతి మీద ఎర్రగా పరుచుకుని ఉండేది.

మా శాఖ ఇచ్చే సమాచారం సాయంత్రం రేడియోలో వార్తల తర్వాత వచ్చేది. ఊళ్ళో దాన్ని వినే పద్ధతి వేరు. "కోస్తాంధ్రలో ఒకటి రెండు చోట్ల ఉరుములతో కూడిన జల్లులు" అని చెబితే ఎవరూ తల తిప్పేవాళ్ళు కాదు. పటం మీద పల్నాడు కూడా కోస్తాంధ్రలో భాగమేనని నాకు తెలుసు. వాళ్ళ లెక్కలో కోస్తా అంటే బాపట్ల, రేపల్లె, ఉప్పుగాలి తగిలే ఊళ్ళు. అదే "తెలంగాణలో" అంటే మాత్రం చెవులు రిక్కించేవాళ్ళు. కృష్ణ దాటితే తెలంగాణే కదా, అక్కడ పడితే ఇక్కడికి రాకుండా పోతుందా అని. పక్క కల్లం ఆసామిని మేం పెదనాన్నా అని పిలిచేవాళ్ళం. ఆయనకు పటం గీసి చూపించాను.

"మనం కోస్తాలోకే వస్తాం పెదనాన్నా."

"సముద్రం యాడుందిరా మనకి? నీళ్ళ కోసం బోర్లేసి బోర్లేసి చస్తంటే." ఆయన బావ వైపు తిరిగి, "మీ బామ్మర్ది ఉద్దోగంలో చేరినాక మనూరికి సముద్రం తెచ్చాడంటరా," అన్నాడు.

బావ మాత్రం నన్ను నమ్మాడు. ముందు అది చెప్పాలి. నమ్మాడు కాబట్టే తర్వాతదంతా జరిగింది.

హెచ్చరిక పట్టుకుని మొదటిసారి నేను ఊరికి వెళ్ళింది ఒక శనివారం. ఆ ఉదయం పై ఆఫీసు నుంచి టెలిగ్రాము వచ్చింది, కోస్తాంధ్రకు రెండు రోజులపాటు ఉరుములు, ఈదురుగాలుల హెచ్చరిక. పటం గుర్తు చేసుకున్నాను. గీత మా మీదుగానే పోతోంది. మా తడిగుడ్డ థర్మామీటరు కూడా గాలిలో చెమ్మ పెరిగిందనే చెబుతోంది. స్టేషన్లో దిగి నేరుగా కల్లానికి నడిచాను. బావ కాళ్ళతో కాయలు తిరగదోస్తున్నాడు. సగం ఎండిన కాయలు, పైన చెప్పిన మధ్య దశ.

చెప్పింది విని బావ తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. "ఏమే, పట్టలు తియ్యి," అని అక్కను కేకేసి, పక్క కల్లాలకు వినబడేలా, "మా బామ్మర్ది గవర్నమెంటోడు. మబ్బైనా సరే ఆడి చేత సంతకం పెట్టించుకునే రావాల," అన్నాడు.

కల్లం పెద్దది. కూలీలను పిలిచి కుప్ప చేసి కప్పేసరికి పొద్దు వాలింది. వాన మొదలయ్యాక చేసే పని కాదది, మధ్యాహ్నానికే తేల్చుకోవాలి. అందుకే ముందుగా చెప్పేవాళ్ళ కోసం రైతు అంతగా చూస్తాడు.

ఆదివారం ఆకాశం కడిగిన పళ్ళెంలా ఉంది. పెదనాన్న కాయలు ఎండలో హాయిగా ఎండుతున్నాయి. మావి పట్టల కింద ఉన్నాయి. అక్క మధ్యాహ్నం ఒకసారి పట్ట అంచు ఎత్తి చెయ్యి లోపలికి పెట్టి తీసేసింది.

"లోపల కాలతందిరా. తీసేద్దామా?"

"రేపు పొద్దుటి దాకా ఉందక్కా హెచ్చరిక."

బావ పట్టలు తియ్యనివ్వలేదు. నా మాటే నిలబెట్టాడు. సోమవారం నేను డ్యూటీకి వచ్చేశాను. ఆ రోజూ చినుకు లేదు. పట్టలు తీసినప్పుడు నేను లేను. తర్వాత వెళ్ళినప్పుడు చూసింది మాత్రం ఆ కాయలు: మూడింట ఒక పాలు తెల్లబడ్డాయి. పులిసిన వాసన. అక్క ముక్కుకు కొంగు కట్టుకుని తాలు ఏరుతోంది. ఘాటుకు ఆమె వేళ్ళ సందులు ఎర్రగా పొక్కి ఉన్నాయి. బావ నన్ను చూసి, "రా బామ్మర్దీ. సంతకం పెట్టనన్నావంటగా, మబ్బు అలిగి పోయింది," అన్నాడు. అప్పటికింకా నవ్వుతూనే ఉన్నాడు.

ఆ వారం పేటలో నేను వెతికింది ఒకటే: ఆ రెండు రోజుల హెచ్చరిక ఏమైందని. మా ఇన్‌చార్జి పాతికేళ్ళ సర్వీసున్న మనిషి. చెప్పడానికి ఆయనకు ఒక్క నిమిషం పట్టలేదు. ఆదివారం సాయంత్రం సముద్రం వైపు ఒక స్టేషన్లోనూ, ఉత్తరాన ఇంకొక స్టేషన్లోనూ ఉరిమి పడింది. ఒకటి రెండు చోట్ల అన్నారు, ఒకటి రెండు చోట్ల పడింది. హెచ్చరిక సరైనదిగా లెక్క.

"మరి మిగిలిన ఊళ్ళ సంగతి?"

"మిగిలిన ఊళ్ళలో పడుద్దని ఎవరన్నారయ్యా?" అన్నాడాయన. ఆయన మాటలో తప్పు వెతికాను. దొరకలేదు. ఇప్పటికీ దొరకలేదు.

తర్వాతి కోత కాయ ఇంకా బాగా వచ్చింది. పొడుగ్గా, నిగనిగలాడుతూ. ముందు పోయినదాన్ని ఇది పూడుస్తుందని అక్క ఆశ. ఆ ఏడు వాళ్ళకు మిగలబోయేది ఆ కల్లం మీద ఉన్నదే. అది కూడా మధ్య దశకు వచ్చిన రోజుల్లోనే మళ్ళీ టెలిగ్రాము, మళ్ళీ అదే మాట. నేను ఆదివారం ఊరికి వెళ్ళాను. బావ మంచం మీద కూర్చుని చుట్ట కాలుస్తున్నాడు. పెదనాన్న అరుగు మీద ఉన్నాడు. రేడియోలో వార్తలయ్యాయి. "కోస్తాంధ్రలో ఒకటి రెండు చోట్ల" అని వినబడగానే బావ నా వైపు తిరిగాడు.

"ఏంది బామ్మర్దీ, ఈసారి మనూరేనా, మళ్ళీ ఆ ఒకటి రెండు చోట్లేనా?"

నేను నాకు తెలిసినవన్నీ వరసగా చెప్పాను. పొద్దుటి నుంచి తూర్పు గాలి తగులుతోంది. తడిగుడ్డ థర్మామీటరు ఎక్కువ చూపిస్తోంది. నిన్న సాయంత్రం పడమట దూరంగా మెరిసింది. పై గాలి పడమటి నుంచి జోరుగా ఉందని పై ఆఫీసు వాళ్ళంటున్నారు. అన్నీ ఉరుముల వానకే చెబుతున్నాయి. ఏ ఊరి మీదన్నది మాత్రం వీటిలో ఏదీ చెప్పదు.

బావ చుట్ట ఆర్పాడు. "పెళ్ళికూతుర్ని చూపించరా అంటే ఊళ్ళో ఆడోళ్ళందరి పేర్లూ చదివినట్టుంది నీ యవ్వారం. ఒక్క మాట చెప్పు. రేపు మధ్యాన్నం కుప్ప చెయ్యనా, వద్దా?"

"వచ్చే వీలుంది బావా. మన కల్లం మీదే పడిద్దని చెప్పలేను."

"ఎవురు చెప్పగలరు?"

"ఎవరూ చెప్పలేరు."

"మరి అంత పెద్ద ఆఫీసెందుకురా?" అన్నాడు పెదనాన్న. ఆయన వెటకారంగా అనలేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగాడు. ఆయనకూ ఆకాశం చూసి చెప్పడం రాదు. బావకూ రాదు. చీమలు గుడ్లు మోసినా, తూనీగలు తిరిగినా, ఊళ్ళో ఎవరి జోస్యమూ మాకంటే ఎక్కువ నిలిచింది లేదు. ఆ సంగతి వాళ్ళు నా దగ్గర దాచలేదు. మేమే మా సంగతి ఒకటి రెండు చోట్ల అనే మాట వెనక దాచుకున్నాం.

"వాడేం చేస్తాడయ్యా," అంది అక్క లోపల్నుంచి. "వాడికి చెప్పింది వాడు చెప్తన్నాడు."

"అదేగదే నేననేది. ఆడికి చెప్పింది మనకు చెప్తన్నాడు. మొన్న చెప్పిందీ ఇదే ముక్క." బావ లేచి దుప్పటి దులిపాడు. "ఎండనీ. ఇంకో రెండెండలు తగిలితే గలగలమంటయ్. ఈసారి ఉడకబెట్టుకోను."

అతని లెక్క తప్పని అప్పుడూ అనలేదు, ఇప్పుడూ అనను. మొన్న నమ్మి పోగొట్టుకున్నవాడు ఈసారి నమ్మకపోవడానికి అంతకన్నా సాక్ష్యం ఏం కావాలి? నా దగ్గర ఉన్నవి అవే అంకెలు, అదే మాట.

సోమవారం సాయంత్రం పరిశీలన నాది. ముందుగా మేడెక్కి కనుచూపు చూడాలి. దానికి మాకు కొన్ని గుర్తులుంటాయి, ఏది కనిపిస్తే ఎంత దూరమని. దగ్గరది చర్చి గంట గోపురం. తర్వాత రైసుమిల్లు పొగగొట్టం. అన్నిటికంటే దూరాన కోటప్పకొండ. కొండ మూడు శిఖరాలూ విడివిడిగా కనిపిస్తే కనుచూపు బాగున్నట్టు. నేను ఎక్కేసరికి కొండ వెనక ఆకాశం లేదు. నల్లటి గోడ ఒకటి నిలబడి ఉంది. దాని తల పైన చదునుగా, పటం పక్కన పెద్దాయన గీసిన బొమ్మలా ఉంది. నేను పుస్తకంలో చదివి, సుద్దముక్క బొమ్మలో చూసి, ఇష్టపడ్డ మబ్బు. అంత నిండుగా నేను అంతకుముందు చూడలేదు. కొండ వెనక ఏముందో నాకు తెలుసు. ఆ వెనక శావల్యాపురం, దాని పక్కన మా వాళ్ళ ఊరు, ఊరి చివర బండరాయి.

ఊళ్ళో ఫోను లేదు. రైలు రాత్రికి గానీ లేదు. చూడటం తప్ప చెయ్యగలిగింది లేదు. అది నా ఉద్యోగం కూడా.

ఒక శిఖరం పోయింది. కాసేపటికి రెండోది. మూడోది పోతుందనుకున్నాను, పోలేదు. ఆ గోడ అక్కడే ఆగి, పక్కకు ఒరిగి, దక్షిణానికి జరిగిపోయింది. ఉరుములు మాత్రం మేడ దాకా వచ్చాయి. పేట మీద చల్లగాలి వీచింది. వీధిలో వాళ్ళు అబ్బ, ఎంత హాయిగా ఉందో అనుకుంటూ బయటికొచ్చారు. నేను కిందికి దిగి డబ్బా తెరిచాను. పొడిగా ఉంది. అడుగున ఒక ఎండుటాకు ముక్క ఉంది.

మా కోడులో ప్రస్తుత వాతావరణానికి రెండంకెలుంటాయి. ఉరుము వినబడి, స్టేషన్ దగ్గర వాన లేకపోతే దాని అంకె పదిహేడు. పదిహేడు, వాన దగ్గర సున్నా రాసి టెలిగ్రాఫ్ ఆఫీసుకు పంపాను.

మర్నాడు సెలవు పెట్టి వెళ్ళాను. ముందు వడగళ్ళు పడ్డాయట, తర్వాత వాన. బండరాయి ఏటవాలుగా ఉంటుంది. నీరు నిలవకూడదని అలాంటి నేలే ఎంచుకుంటారు. ఆ వాలు మీదుగానే కాయలన్నీ కొట్టుకుపోయాయి. రోడ్డు పక్క కాలవలో ఎర్రగా పేరుకుని ఉన్నాయి. కంచె మీద తుమ్మకొమ్మల్లో చిక్కుకుని ఉన్నాయి. పట్టలు మడత విప్పకుండా కల్లం గట్టున ఉన్నాయి. అక్క కంచె దగ్గర నిలబడి ముళ్ళ మధ్య నుంచి ఒక్కొక్క కాయే తీసి బుట్టలో వేస్తోంది. అవి ఎందుకూ పనికిరావని ఆమెకు తెలుసు. నేను వెళ్ళి పక్కన నిలబడి తీయడం మొదలుపెట్టాను.

"నీ చొక్కా చిరుగుద్ది, జరుగు," అంది.

బావ బండ మీద కూర్చున్నాడు. నన్ను చూసి, "నిన్న పేటలో ఎంత పడింది?" అన్నాడు.

"పడలేదు బావా."

"అసలు?"

"అసలు."

అతను నవ్వాడు. మబ్బు సంతకం రోజు నవ్విన నవ్వు కాదు.

కొన్నాళ్ళకు వడగళ్ళకు పోయిన పంటలకు సాయం ఇస్తారని అన్నారు. ఊరివాళ్ళంతా మండలాఫీసుకు వెళ్ళారు. అక్కడి గుమాస్తా, ఆ రోజు ఈ ప్రాంతంలో వాన పడినట్టు రికార్డు లేదే, పేట అబ్జర్వేటరీలో సున్నా అని ఉందే అన్నాడట. ఆ సున్నా ఎవరు రాశారో ఊళ్ళో అందరికీ తెలుసు.

బావ మర్నాడు పేటకు వచ్చాడు. అబ్జర్వేటరీ లోపలికి రావడం అదే మొదలు. తెల్లపెట్టె చూశాడు, గాలిమర చూశాడు. వానకొలత డబ్బా ముందు వంగి నిలబడ్డాడు.

"ఇదేనా?"

"ఇదే."

"ఇందులో పడితేనే పడినట్టా?"

"ఇక్కడ పడినట్టు."

"మా గేదెకు కుడితి పెట్టే బాల్చీ ఇంతకన్నా పెద్దది," అన్నాడు. గొంతు తగ్గించి, "రెండు గలాసుల నీళ్ళు ఇందులో పడితే ఎవుడికి నష్టం రా? ఊరోళ్ళందరి కోసం అడుగుతన్నా. నీ అక్క కోసం అడగట్లా," అన్నాడు.

ఆ రోజు టెలిగ్రాము ఎప్పుడో వెళ్ళిపోయిందని చెప్పాను. అది నిజమే. టెలిగ్రాము వెళ్ళకపోయినా నేను సున్నాయే రాసేవాణ్ణని కూడా చెప్పాను. అది చెప్పనక్కర లేదు, చెప్పాను. పటం మీద ఒక చుక్క అబద్ధమాడితే గీత పక్కకు జరుగుతుందని, అప్పుడు ఇంకెక్కడో ఇంకెవరి కల్లానికో తప్పు కబురు పోతుందని వివరించాను. బావ ఓపిగ్గా విన్నాడు.

"మా కల్లానికి నిజం కబురే వచ్చిందిగా," అన్నాడు. "రెండుసార్లు."

గేటు దాకా వెళ్ళాను. బస్టాండు వరకు వస్తానంటే వద్దన్నాడు.

ఆ నెల చివర వచ్చిన వివరాల్లో చూశాను. సోమవారం నాటి హెచ్చరిక కూడా సరైనదిగానే లెక్కకు వచ్చింది. మా ఊరి వల్ల కాదు, మా ఊరికి చుక్క లేదు. ఎక్కడో ఇంకో స్టేషన్లో కాస్త పడిందట. అక్కావాళ్ళ కాయలు ఉడికిన రోజూ, కొట్టుకుపోయిన రోజూ, రెండు రోజులూ మేం చెప్పింది సరైనదే. నేను రాసిన సున్నా కూడా సరైనదే. ఇంతమంది ఇంత సరిగ్గా పనిచేస్తే ఏం జరుగుతుందో నేను కంచె దగ్గర చూశాను.

ఆ మరుసటి ఏడు వాళ్ళు మిరప వెయ్యలేదు. నేను ఇప్పటికీ అదే ఉద్యోగంలో ఉన్నాను, సెలవు దొరికితే అక్క దగ్గరికి పోతూనే ఉన్నాను. అక్క అన్నం పెడుతుంది. బావ పలకరిస్తాడు, రైలు ఆలస్యమయిందా అని, గదికి అద్దె పెంచారా అని. సాయంత్రం అరుగు మీద రేడియోలో వార్తలు వింటాం. వార్తలు అయిపోయి వాతావరణం మొదలు కాగానే బావ లేచి రేడియో కట్టేస్తాడు. నేను పక్కన కూర్చునే ఉంటాను.